ఆ రెండు కాసులు ఎవరి చేతిలో ఉండెను?



హైదరాబాదు నుండి చేవెళ్లకు పోవు బాటలో మొయినాబాద్ దాపున హిమాయత్‌నగర్ అను గ్రామమున్నది. నగరము నడుమ అదే పేరుతో నున్న పేటను గూర్చి కాదు నేను చెప్పుచున్నది. కూరగాయల చేలును, పశువుల కొట్టములును, వాటి నడుమ ఈ మధ్య లేచిన తోటబంగళాలును గల పల్లెను గూర్చియే. ఆ గ్రామములో ఒక సాయంకాలము గృహప్రార్థన ముగిసిన పిమ్మట అందరును వెళ్లుచుండగా, డెబ్బది యైదు ఏండ్లు దాటిన ఒక పెద్దాయన నన్ను అరుగు మీద కూర్చుండబెట్టి ఇట్లడిగెను:

“అయ్యగారూ, కొడుకులు భూమి రాసియ్యమంటున్నరు. రాసిస్తే నా చేతుల ఏముంటది? రాసియ్యకుంటే కన్నబిడ్డల మీద నమ్మకం లేనోణ్ణయిత. దేవుని మాట ఏమున్నదో మీరే చెప్పండ్రి.”

ఆయన కొడుకులు చెడ్డవారు కారు. ఆరాధనకు వచ్చువారే, తండ్రిని ఏనాడును కసరినవారు కారు. ఆయనకున్నది మూడెకరముల చేను, పెంకుటిల్లు. ప్రశ్న చిన్నదిగా కనబడినను నేను వెంటనే ప్రత్యుత్తరమియ్యలేకపోతిని. ఏలయనగా ఇటువంటి ప్రశ్నకే చాలకాలము క్రిందట ఒక తల్లికి నేను తొందరపడి చెప్పిన జవాబు నా మనస్సులో ముల్లువలె నున్నది. ఆ సంగతి తరువాత విన్నవించెదను. “పెద్దయ్యా, నెల రోజులు గడువియ్యుము” అని చెప్పి వచ్చితిని. ఆ నెల రోజులలో నేను ఆలోచించినదియే ఈ వ్యాసము.

భూమి బరువైన కాలము

ముందుగా ఈ ప్రశ్న ఆ ప్రాంతములో ఇంత బరువుగా ఎందుకున్నదో తెలిసికొనవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదు నగరమును ముంచి వేలమందిని బలిగొనెను. అట్టి ఉపద్రవము మరల రాకుండునట్లు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ కట్టబడెను. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. నగరమునకు త్రాగునీరిచ్చు ఆ చెరువులు చెడిపోకుండునట్లు 1996 మార్చి 8న ప్రభుత్వము 111వ ఉత్తర్వును జారీ చేసి, చుట్టు పది కిలోమీటర్ల మేర 84 గ్రామములలో పెద్ద కట్టడములను నిషేధించెను. మొయినాబాద్ పరిసర గ్రామములు అనేకము ఆ పరిధిలో నుండెను. 2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వు వచ్చినప్పుడు, ఆంక్షలు సడలునన్న మాటకే భూమిని గూర్చిన బేరములు ఇంటింట మొదలాయెను.

జొన్నలు, కందులు పండించుకొని బ్రదికినప్పుడు మూడెకరములు ఒక కుటుంబపు గింజలకు సరిపోయెడివి. ఇప్పుడు అవే మూడెకరములు కోట్ల రూపాయల లెక్కలోనికి వచ్చెను. తండ్రి మారలేదు, కొడుకులు మారలేదు. వారి నడుమనున్న మట్టి విలువ మారినది. దానితో పాటు ఇంటిలో మాటల బరువును మారినది. వెనుక “నాయన ఎట్లున్నడు?” అని అడిగిన చుట్టము ఇప్పుడు “నాయన పేరు మీద ఎంతున్నది?” అని అడుగుచున్నాడు.

నా తప్పు

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. వేరొక ఊరిలో భర్త పోయిన ఒక తల్లి యుండెను. ఇల్లు ఆమె పేర నుండెను. కొడుకు వ్యాపారమునకు అప్పు కావలెనని, ఇల్లు తన పేర మార్చుమని కోరెను. ఆమె నన్ను అడిగెను. నేను మార్కు సువార్త 12వ అధ్యాయము విప్పి, దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలి కథ చదివి, “చూడుమమ్మా, ఆమె తనకున్నదంతయు ఇచ్చెను. నీవును నమ్మి ఇమ్ము” అని చెప్పితిని. ఆమె నా మాట విని ఇల్లు వ్రాసియిచ్చెను.

కొడుకు ఆమెను వీధిలోనికి త్రోయలేదు, అన్నము మానిపించలేదు. అయితే నాలుగేండ్ల తరువాత ఒక ఆదివారము కానుకల సంచి వరుసలలో తిరుగుచుండగా, ఆమె పిడికిలి మూసి సంచిలో పెట్టి, తెరచి, తీయుట నేను చూచితిని. పిడికిలిలో ఏమియు లేదు. ప్రక్కనున్నవారు చూడకుండుటకు ఆమె అట్లు చేసెను. ఆరాధన తరువాత మాటాడగా సంగతి బయటపడెను. రక్తపోటు మాత్రలకు కోడలిని అడుగవలెను. కోడలు మగనిని అడుగవలెను. మగడు “మొన్ననే గదా తెచ్చిన” అనును. పది రూపాయల నోటు ఆమె కొంగున ముడిపడి ఎంత కాలమాయెనో ఆమెకే జ్ఞాపకము లేదు.

ఆ రాత్రి నేను అదే అధ్యాయము మరల చదివితిని. ఎన్నిసార్లు బోధించినను నాకు కనబడని సంగతి అప్పుడు కనబడెను. ఆ విధవరాలి రెండు కాసులు ఆమె చేతిలోనే ఉండెను! అందుకే ఆమె ఇయ్యగలిగెను. ఒకటి వేసి ఒకటి ఉంచుకొనుటకు కూడ ఆమెకు స్వాతంత్ర్యముండెను. ఆ రెండు కాసులు కొడుకు పెట్టెలో నుండిన యెడల, ప్రభువు ఆ దినము దేవాలయములో కూర్చుండి చూచుటకు ఏమియు ఉండెడిది కాదు. నేను ఆ తల్లికి ఔదార్యము నేర్పితిననుకొంటిని; నిజముగా ఆమె ఔదార్యపు చేతిని కట్టివేసితిని. ఇంకొక సంగతి. ఆ కథకు సరిగా ముందున్న వచనములోనే, దీర్ఘప్రార్థనలు చేయుచు విధవల యిండ్లు మ్రింగువారిని ప్రభువు ఖండించెను. ఆ వచనము మీదుగా నా కన్ను ఎన్నిమారులు జారిపోయెనో!

ఉంచుకొనుట అవిశ్వాసమా?

అయితే చదువరులలో కొందరు ఇట్లనవచ్చును: “ప్రేమకు షరతులుండవు గదా? కన్నబిడ్డకు ఇచ్చుచు కాగితము మీద నియమములు వ్రాయించుట ప్రేమను బేరముగా చేయుట కాదా?” ఇది తేలికగా త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. ఎందుకనగా ఇంటిలో ప్రతిదియు కాగితము మీదికి ఎక్కినప్పుడు, ఆ ఇల్లు ఇల్లు కాక కచ్చేరి యగును.

దీనికి లూకా 15వ అధ్యాయములోని తండ్రి వైపు చూడుడి. చిన్నకుమారుడు అడుగగా ఆ తండ్రి ఆస్తి పంచియిచ్చెను, నిజమే. అయితే ఆ కథ చివర ఎవరి మాట చెల్లుచున్నది? వస్త్రము తెప్పించువాడు, ఉంగరము పెట్టించువాడు, క్రొవ్విన దూడను వధింపజేయువాడు ఆ తండ్రియే. ఆస్తిలో మిగిలినది పెద్దకుమారునిదేయని తండ్రి తానే చెప్పినను, ఇంటి మీద తండ్రి చేయి తీయబడలేదు. అందుచేతనే చిన్నవాడు చిక్కి వచ్చినప్పుడు చేర్చుకొనుటకు ఒక ఇల్లుండెను. ఆ తండ్రి సమస్తమును వదలుకొని మూలను కూర్చున్నవాడైతే, పెద్దకుమారుడు తలుపు తెరచెడివాడా? ఆ దినము అతని కోపమును చూచినవారు జవాబు చెప్పగలరు. కాబట్టి తల్లిదండ్రులు కొంత తమ చేతిలో ఉంచుకొనుట తమ కొరకు మాత్రమే కాదు. వెనుకబడిన బిడ్డ కొరకును, పుట్టింటికి వచ్చు కుమార్తె కొరకును.

మరియు 2 సమూయేలు 19వ అధ్యాయములో బర్జిల్లయి అను ముసలివాడున్నాడు. ఎనుబది యేండ్లవాడు, మిక్కిలి ధనవంతుడు. దావీదు కష్టకాలములో మహనయీములో నున్నప్పుడు అతనికి భోజనపదార్థములు పంపినవాడు. రాజు తిరిగి సింహాసనమునకు పోవుచు, నాతో యెరూషలేమునకు రమ్ము, నిన్ను పోషించెదనని పిలిచెను. బర్జిల్లయి ఒప్పుకొనలేదు. తన నాలుకకు రుచి తెలియదని, చెవికి పాట వినబడదని, రాజునకు భారముగా నుండనొల్లనని చెప్పి, తన ఊరిలో తలిదండ్రుల సమాధి యొద్ద చనిపోవ సెలవడిగి, తనకు బదులుగా కింహామును పంపెను. ఇందులో రెండు సంగతులున్నవి. తనకేమి కావలెనో ఆ ముసలివాడు ఎరుగును. తనకిక అక్కరలేనిది ఏదో కూడ ఎరుగును. పోషణ అక్కరలేదు, స్వంత గూడు కావలెను. మర్యాద అక్కరలేదు, దానిని పడుచువానికి ఇయ్యవచ్చును. వృద్ధాప్యములో జ్ఞానమనగా ఈ రెంటిని వేరుచేయగలుగుటయే.

ఇక ప్రేమకు షరతులుండవను మాట. బిడ్డను ప్రేమించువాడు అతనిని శోధనలో పడవేయడు. నూతికి గట్టు కట్టుట పిల్లవాని మీద అనుమానము కాదు గదా! సమస్తమును వ్రాసియిచ్చి, ఆ మీదట కొడుకు మంచితనము మీద ప్రతి పూట అన్నమునకు ఆధారపడుట, ఆ కొడుకును ప్రతిదినము పరీక్షకు నిలువబెట్టుటయే. నేడతడు గెలుచును, వ్యాపారము చెడినప్పుడు, బిడ్డల చదువుల అప్పు పెరిగినప్పుడు, గెలుచునా? తండ్రి తలమీద కప్పు తన పేరనే ఉంచుకొనినయెడల, ఆ తండ్రి కొడుకును ఒక గొప్ప పాపము నుండి తప్పించినవాడగును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన సంఘములలో పెక్కుమందికి ఈ సంగతులు తెలియవు గనుక వ్రాయుచున్నాను. 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసెను. అరువది యేండ్లు నిండినవారు, తమ్మును తాము పోషించుకొనలేనప్పుడు, బిడ్డల నుండి భరణము కోరవచ్చును. విచారించువాడు ఆర్.డి.ఓ. అని మనము పిలుచు రెవెన్యూ డివిజను అధికారి స్థాయికి తక్కువ కానివాడు. నోటీసు అందినది మొదలు 90 దినములలో తీర్పు కావలెనని, అవసరమైన మరి 30 దినములు పొడిగించవచ్చునని నియమము. భరణము నెలకు 10,000 రూపాయలకు మించకుండునట్లు ఆ చట్టములో హద్దు పెట్టిరి.

ఆ చట్టములోని 23వ సెక్షను ముఖ్యమైనది. తన్ను చూచుకొనవలెనను షరతుతో వృద్ధులు ఆస్తి వ్రాసియియ్యగా, పుచ్చుకొనినవారు ఆ మాట తప్పినయెడల, ఆ దానపత్రమును రద్దుచేయించుకొనవచ్చును. షరతు పెట్టినట్లు చూపవలెనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పెను. 2025 జనవరి 2న అదే న్యాయస్థానము మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లి విషయమై, ఈ చట్టము వృద్ధుల మేలు కొరకు చేయబడినది గనుక ఉదారముగా అర్థము చెప్పవలెనని పలికి, కొడుకునకు ఆమె ఇచ్చిన దానపత్రమును రద్దుచేసెను. కాబట్టి ఇచ్చుటకు నిశ్చయించుకొనినవారు “నన్ను జీవితాంతము పోషించవలెను, ఈ ఇంటిలో నివసించు హక్కు నాకుండును” అను మాట పత్రములోనే స్పష్టముగా వ్రాయించవలెను. నోటిమాట చాలదు.

వీలునామాకును దానపత్రమునకును గల భేదము కూడ తెలిసికొనుడి. దానపత్రము రిజిస్టరై, పుచ్చుకొనబడిన తరువాత, మనస్సు మారినదని వెనుకకు తీసికొనలేము. వీలునామా చనిపోవువరకు మార్చుకొనవచ్చును. ఇద్దరు సాక్షులు సంతకము చేసిన చాలును. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తి, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, భార్యకు మూడవ వంతును, మిగిలిన రెండు వంతులు బిడ్డలకును చెందును. అందులో కొడుకునకును కుమార్తెకును సమానభాగమే. “ఆడపిల్లకు పెండ్లి చేసితిమి గదా” అను వాదము అక్కడ చెల్లదు. సంతకము పెట్టుమని చెల్లెలిని కన్నీళ్లతో పిలిపించు అన్నలు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

భూమి లేనివారి సంగతి

మన సంఘములలో భూమిలేనివారే ఎక్కువ. “మాకు వ్రాసియిచ్చుటకేమున్నది?” అని వారనవచ్చును. వారికి పింఛనే చేను. తెలంగాణలో 2014లో ఆసరా పింఛను 1,000 రూపాయలుగా మొదలై 2019లో 2,016 రూపాయలాయెను. ఆ సొమ్ము ముసలమ్మ పేర వచ్చును; బ్యాంకు పుస్తకము మనుమని జేబులో నుండును; వ్రేలిముద్ర వేయుటకు మాత్రమే ఆమె అక్కరకు వచ్చును. ఇదియు అదే ప్రశ్న. పుస్తకము ఎవరి పెట్టెలో నున్నది? మనుమడు తోడు పోవుట మేలే; డబ్బు మాత్రము ముందు ఆమె చేతిలో పడవలెను. ఆ మీదట ఆమె ఇంటి ఖర్చునకు ఇచ్చినను, మనుమరాలికి మిఠాయి కొనినను, అది ఆమె యిచ్చిన యీవి యగును.

ఆరోగ్యమును గూర్చియు ఒక మాట. 2023 డిసెంబరులో మన రాష్ట్రములో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచబడెను. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వము 70 ఏండ్లు నిండినవారందరికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యసహాయమును ఆరంభించెను. అయితే ఇవి ముఖ్యముగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చులకే. ముసలివారిని కృంగదీయునది పెద్ద జబ్బు మాత్రమే కాదు; ప్రతిదినపు మాత్ర, అరిగిన చెప్పు, పగిలిన కళ్లద్దము. రక్తపోటునకును మధుమేహమునకును ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో మాత్రలు ఉచితముగా ఇచ్చుచున్నారు; తోడు పోవువారే కావలెను.

ఇరుప్రక్కల హెచ్చరిక

ఇంతవరకు చదివి పెద్దలు సంతోషించియుందురు. వారికిని ఒక మాట చెప్పవలెను. చేతిలో ఉంచుకొనుట వేరు, చేతిలో పెట్టుకొని ఆడించుట వేరు. కొందరు పెద్దలు కోపము వచ్చినప్పుడెల్ల “వీలునామా మార్చెదను” అందురు. పెద్దకోడలి యెదుట చిన్నకోడలికి ఆశ చూపుదురు. యాబది యేండ్ల కొడుకును విత్తనముల డబ్బు కొరకు చేయిచాచి నిలువబెట్టుదురు. ఇది జాగ్రత్త కాదు, ప్రభుత్వము చేయవలెనను ఆశ. పిల్లలకు కావలసిన ప్రాయములో కొంత ఇయ్యుట న్యాయము. మనము చచ్చినప్పుడు వారును ముసలివారైయుందురు, అప్పుడు దొరకిన దానితో ఏమి చేయుదురు?

బిడ్డలకు కూడ ఒక మాట. మార్కు 7వ అధ్యాయములో ప్రభువు ‘కొర్బాను’ అను సాకును ఖండించెను. తల్లిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనువారు దేవుని వాక్యమును కొట్టివేయుచున్నారని చెప్పెను. కాబట్టి సంఘమునకు దశమభాగము క్రమముగా తెచ్చుచు, తల్లి మాత్రలకు లెక్కలడుగువాని కానుకను మేము రసీదు వ్రాసి పుచ్చుకొనుటకు సిగ్గుపడవలెను. 1 తిమోతి 5వ అధ్యాయము ఇంటివారిని చూడనివానిని గూర్చి ఎంత కఠినముగా మాటాడుచున్నదో చదువుడి. మరియు సిలువ మీద నుండి ప్రభువు తన తల్లిని దాపున నిలిచియున్న శిష్యునికి అప్పగించెను. దాపున నిలిచి సేవచేయువారి కష్టమును కుటుంబము గుర్తించవలెను. రాత్రివేళ లేచి మంచము మార్చు కోడలు, దూరమునుండి ఫోనులో ఆజ్ఞలిచ్చువారికంటె గొప్ప పని చేయుచున్నది.

అన్యాయము జరిగినప్పుడు అధికారి యొద్దకు పోవుట పాపమా? మత్తయి 18వ అధ్యాయపు వరుస మనకున్నది: మొదట ఒంటరిగా, పిమ్మట ఒకరిద్దరితో, పిమ్మట సంఘముతో. అంతటితోను విననప్పుడు న్యాయము కోరుటలో దోషము లేదు. పౌలు కైసరు ఎదుట చెప్పుకొందుననెను గదా. ఎవరి యొద్దకు పోవలెనో తెలియని వృద్ధులు 14567 అను నంబరునకు ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును. అయితే ఆ మూడు మెట్లలో మూడవదైన సంఘము నిద్రించుచున్నందుననే పెక్కుమంది నేరుగా నాలుగవ మెట్టు ఎక్కవలసి వచ్చుచున్నదని నా భయము.

నెల గడిచిన తరువాత

నెల కాగానే హిమాయత్‌నగర్ వెళ్లితిని. పెద్దాయనకు పై సంగతులన్నియు చెప్పి, నిర్ణయము ఆయనకే విడిచితిని. మరుసటి ఆదివారము ఆయన ఇద్దరు కొడుకులను, కోడండ్రను, కూతురిని, అల్లుని ఒకచోట కూర్చుండబెట్టెను. నన్నును పిలిచెను.

“చేన్ల రెండెకరాలు ముగ్గురికి సమంగ రాసిస్త. నన్నూ మీ అమ్మనూ చూసుకోవాలని అండ్లనే రాయిస్త. ఇల్లు, ఇంకో ఎకరం మేమిద్దరం పోయేదాక మా పేరు మీదనే ఉంటయి. మీ మీద నమ్మకం లేక కాదు బిడ్డా. మీకు నా మీద కోపమొచ్చిన నాడు సుత నాకు ఒక గడప ఉండాలె. మీకు ఎక్కడ దిక్కులేని నాడు, మీకూ అదే గడప ఉంటది.”

పెద్దకొడుకు చాలసేపు నేలచూపు చూచెను. అతడు అప్పులలో నున్నాడని మాలో కొందరికి తెలియును; మూడెకరములు వచ్చునని ఆశపడినవాడు. కడకు “నీ ఇష్టం నాయనా” అనెను. ఆ మాటలో సంతోషమెంత, నొప్పి ఎంత అని నేను చెప్పలేను. ఆ ఇంటిలో అంతయు చక్కబడినదని వ్రాసిన అబద్ధమగును. అయితే అప్పుడు తల్లి లేచి, అందరికి టీ పెట్టుటకు లోపలికి పోగా, చిన్నకోడలు ఆమె వెంట పోయెను.

చేవెళ్ల బాట వెంట ఇప్పటికిని వందలకొలది పాత మఱ్ఱిచెట్లు నిలిచియున్నవి. కొన్నిటికి మొదలే తొఱ్ఱపడినది. దిగిన ఊడలే వాటిని మోయుచున్నవి. అయితే ఆ ఊడలు దిగుటకు నేల ఆ చెట్టు క్రిందనే ఉండవలెను గదా.

అచ్చటినుండి తిరిగి వచ్చుచు ఆ విధవరాలైన తల్లిని చూడబోయితిని. నా సలహా తప్పని, క్షమించుమని అడిగితిని. ఆమె నవ్వి, “ఇప్పుడేమి చేస్తం అయ్యగారూ, ఇంకొకరికి అట్ల చెప్పకుండ్రి” అనెను. అందుకే ఇది వ్రాసితిని. ఆమె కొడుకుతో సంఘ పెద్దలమిద్దరము మాటాడితిమి. నెలనెల ఆమె చేతికి కొంత సొమ్ము ఇచ్చుటకు అతడు ఒప్పుకొనెను. మొదటి నెల ఇచ్చెను. రెండవ నెల మేము జ్ఞాపకము చేయవలసి వచ్చెను, చేసితిమి, చేయుచుందుము.

చదువరులారా, రానున్న ఆదివారము కానుకల సంచి మీ వరుసలోనికి వచ్చినప్పుడు, మీ ప్రక్కనున్న ముసలి చేయి వైపు ఒకసారి చూడుడి. అది మూసి వచ్చి మూసి పోవుచున్నదేమో. అట్లయిన, ఆ దినము మీరు సంచిలో వేయబోవు కానుకను ముందుగా ఏ చేతిలో పెట్టవలెనో మీరే నిర్ణయించుకొనుడి.